కొండ దిగని దేవుడు, కొండకు నడిచొచ్చే ఊళ్లు: కోటప్పకొండ ప్రభలు, బాలి కళల పండుగ

హర హర మహాదేవ! చేదుకో కోటయ్యా!

ఈ వారం వీడియోలో కోటప్పకొండ తిరునాళ్ల గురించి మాట్లాడుకున్నాం. బాలి ద్వీపం ప్రస్తావన అలా వచ్చి ఇలా వెళ్లిపోయింది. వీడియోలో టైమ్ సరిపోలేదు కానీ అసలు విషయం అక్కడే ఉంది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మనలాంటి వాళ్లందరం ఎప్పుడో ఒకప్పుడు వేసుకునే ప్రశ్న ఒకటుంది. గుడి పండుగలో ఇంత హంగామా ఎందుకు? మైకులు, లైట్లు, పోటీలు, డాన్సులు. దేవుడికి ఇదంతా కావాలా? ఇంట్లో కూర్చుని కళ్లు మూసుకుని పంచాక్షరి జపిస్తే చాలదా? ఈ ప్రశ్న తప్పేం కాదు. నిజాయితీ గల ప్రశ్నే. కోటప్పకొండ దీనికి చెప్పే జవాబు నాకు చాలా ఇష్టం.

మౌనంగా కూర్చున్న స్వామి

తెలియనివాళ్ల కోసం ముందు క్షేత్రం గురించి నాలుగు మాటలు. నరసరావుపేటకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కోటప్పకొండ. నిన్నమొన్నటి దాకా గుంటూరు జిల్లా, 2022లో జిల్లాలు విడిపోయాక పల్నాడు జిల్లా. చుట్టూ మిర్చి, పత్తి పండే నల్లరేగడి నేలలు. వాటి మధ్యలో కొండ. ఎటు నుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయి కాబట్టి త్రికూటాచలం అన్నారు. బ్రహ్మ శిఖరం, విష్ణు శిఖరం, రుద్ర శిఖరం. స్వామి పేరు త్రికోటేశ్వరుడు. మన పల్లెటూళ్లలో అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారు? కోటయ్య. యల్లమంద కోటయ్య. పల్నాడులో, బాపట్లలో, ఒంగోలు వైపు ఏ ఊరికెళ్లి 'కోటేశ్వరరావూ' అని పిలిచినా నలుగురు వెనక్కి తిరిగి చూస్తారు. అదంతా ఈ స్వామి చలవే!

ఇక్కడ స్వామి దక్షిణామూర్తి స్వరూపం. దక్షయజ్ఞం తరువాత, సతీదేవి దూరమయ్యాక, శివుడు చిన్న వటువు రూపంలో ఈ కొండ మీద తపస్సు చేశాడనీ, దేవతలకూ మునులకూ ఇక్కడే జ్ఞానోపదేశం చేశాడనీ స్థలపురాణం. స్వామి బ్రహ్మచారి కాబట్టి ఇక్కడ కళ్యాణోత్సవం చేయరు. ధ్వజస్తంభం కూడా ఉండదు. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి, మళ్లీ వీటి దగ్గరకు వస్తాం.

దక్షిణామూర్తి నోరు విప్పి పాఠం చెప్పడు. మౌనమే ఆయన భాష. అలాంటి మౌనమూర్తి కొండ కింద మహాశివరాత్రి నాడు ఏం జరుగుతుంది? ఆంధ్రదేశంలో అంత చప్పుడు, అంత వెలుగు, అంత జనం ఉండే రాత్రులు మరి కొన్నే ఉంటాయి. పైన నిశ్శబ్దం, కింద కోలాహలం. ఈ రెండూ ఒకే పండుగ. ఇది పొరపాటున ఇలా తయారైందా, లేక ఇలాగే ఉండాలా?

సగం దారి దిగిన శివుడు

దీనికి జవాబు ఆనందవల్లి కథలో ఉంది. కొండకు దక్షిణాన కొండకావూరులో సునందుడు, కుందరి అనే గొల్ల దంపతులకు పుట్టిన బిడ్డ ఆమె. రోజూ ఓగేరు నుంచి నీళ్లు మోసుకుని రుద్ర శిఖరం ఎక్కి స్వామికి అభిషేకం చేసేది. ఒకరోజు కాకి వాలి నీళ్లకుండ ఒరిగిపోతే, ఇక ఈ కొండ మీద కాకి వాలకూడదని శపించిందట. ఇప్పటికీ కొండ మీద కాకులు వాలవని భక్తులు చెప్పుకుంటారు.

స్వామి ఆమె భక్తిని పరీక్షించడానికి ఆమెకు మాయగర్భం కలిగించాడు. లోకం ఏమనుకుంటుందో అని ఆమె ఆగిపోలేదు. నిండు చూలాలుగా కూడా కొండ ఎక్కుతూనే ఉంది. చివరికి ఓపిక లేక అడిగింది: "స్వామీ, నేను ఎక్కలేకపోతున్నాను. నువ్వే మా ఇంటికి రా." స్వామి ఒప్పుకున్నాడు. "నువ్వు ముందు నడువు. నేను వెనక వస్తాను. వెనక్కి తిరిగి మాత్రం చూడకు."

ఆమె దిగుతోంది. వెనక స్వామి అడుగులకు కొండ అదురుతోంది. బ్రహ్మ శిఖరం దాకా వచ్చాక భయం వేసిందో, సందేహం వచ్చిందో, తిరిగి చూసింది. స్వామి అక్కడే ఆగి గుహలో లింగమయ్యాడు. ఇప్పుడు మనం దర్శనం చేసుకునే గుడి అదే, కొండ మీద సుమారు ఆరు వందల అడుగుల ఎత్తున. పైన రుద్ర శిఖరం మీద ఉన్నది పాత కోటయ్య గుడి. ఆనందవల్లి స్వామిలో ఐక్యమైంది. కొండ దిగువన గొల్లభామ గుడి ఉంది. ముందు ఆమెకు దండం పెట్టుకుని తరువాత స్వామి దగ్గరికి వెళ్లడం ఆచారం. దేవుడి కంటే ముందు భక్తురాలికి దండం!

ఈ కథను చాలామంది "తిరిగి చూసి పోగొట్టుకుంది" అని ముగిస్తారు. నాకు అలా అనిపించదు. ఒక్కసారి ఆలోచించండి. ఎక్కలేని మనిషి కోసం దేవుడు కొండ దిగడం మొదలుపెట్టాడు. సగం దారి వచ్చాడు. ఆ వచ్చినంత దూరం మనకు మిగిలింది. అందుకే ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కూడా ఆయన్ని చూడగలుగుతున్నారు. మిగతా సగం సంగతి ఏమిటి? ఇక్కడే ప్రభలు వస్తాయి.

కోటి ప్రభలు వస్తే కొండ దిగుతాను

కోటి ప్రభలతో మీరు నా దగ్గరికి వస్తే నేను కొండ దిగి వస్తాను అని స్వామి మాట ఇచ్చాడని పెద్దలు చెబుతారు. కోటిన్నొక్క ప్రభ అనేవాళ్లూ ఉన్నారు. లెక్క ఏదైనా, అది పూర్తయ్యే లెక్క కాదు. దేవుడికీ తెలుసు, మన తాతలకూ తెలుసు. అయినా ప్రతి సంవత్సరం కడుతూనే ఉన్నారు.

ప్రభ అంటే వెలుగు. చూడనివాళ్లకు ఎలా ఉంటుందో చెప్పడం కష్టమే. వెదురు, కర్రలతో కట్టిన ఎత్తైన చట్రం, పైన గుండ్రంగా తిరుగుతుంది. దాని మీద రంగుల బట్టలు, కాగితపు పూలు, దేవుళ్ల బొమ్మలు, వేల కొద్దీ బల్బులు. పెద్దవి ఎనభై, తొంభై అడుగులు కూడా ఉంటాయి, అంటే ఏడెనిమిది అంతస్తుల అపార్ట్‌మెంట్ అంత! దాన్ని బండి మీద నిలబెట్టి, ఒకప్పుడు ఎద్దులతో, ఇప్పుడు ఎక్కువగా ట్రాక్టర్లతో, ఊరి నుంచి కొండ దాకా నడిపించుకొస్తారు. చిలకలూరిపేట పురుషోత్తమపట్నం, కావూరు, అమీన్ సాహెబ్ పాలెం లాంటి ఊళ్ల ప్రభలకు తరతరాల పేరుంది. మొక్కు ఉన్నవాళ్లు ఇంటి నుంచి చిన్న ప్రభలు భుజాన వేసుకుని వస్తారు. కోనసీమలో కనుమ నాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి కదా, అది 2023 గణతంత్ర దినోత్సవ పరేడ్‌లో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ వీధుల్లో కనిపించింది. ఇది దానికి పల్నాటి అన్న అనుకోండి, ఎత్తులో మాత్రం చాలా పెద్దన్న.

ఇంజనీరింగ్ చదివిన వాణ్ని కాబట్టి నాకు కనిపించేది ఇంకొకటి ఉంది. అంత ఎత్తు, కింద అంత చిన్న బండి, మీద గాలిని తెరచాపలా పట్టేసే బట్ట. ఏ లెక్క ప్రకారం చూసినా అది పడిపోవాలి. మరి ఎందుకు నిలబడుతోంది? పై నుంచి నాలుగు వైపులా మోకులు ఉంటాయి. ప్రతి మోకు చివర మనుషులు ఉంటారు. ప్రభ ఇటు ఒరిగితే అటు వాళ్లు లాగుతారు, అటు ఒరిగితే ఇటు వాళ్లు. రోడ్డు మీద గుంట వస్తే అందరి చేతులూ ఒకేసారి బిగుస్తాయి. దారిలో కరెంటు తీగలు అడ్డం వస్తే సరఫరా ఆపి తీగలు తప్పిస్తారు. ఆ కాసేపు ఊళ్లు చీకట్లో ఉంటాయి, ఎవరూ విసుక్కోరు. ప్రభ నిలబడేది వెదురు బలం వల్ల అనుకుంటాం. నిజానికి అది నిలబడేది ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకం మీద. ఒక వైపు వాళ్లు "మనం వదిలేస్తే ఏముందిలే" అనుకున్న క్షణంలో అది కూలుతుంది. అలా కూలిన సంవత్సరాలు కూడా ఉన్నాయి.

ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా, ఈ కొండ మీద గుడికి ధ్వజస్తంభం లేదు. శివరాత్రి రాత్రి కొండ కింద నిలబడి చూడండి. చుట్టూ ఉన్న ఊళ్లన్నీ తమ తమ ధ్వజాలను తామే కట్టుకుని తెచ్చి స్వామి ముందు నిలబెడతాయి. శాస్త్రం ఏం చెబుతుందో పండితులు చెప్పాలి. నా మనసుకు మాత్రం ఇలా అనిపిస్తుంది: ఈ స్వామికి రాతి ధ్వజస్తంభం అక్కర్లేదు. ప్రతి ఏడూ కొత్తగా కట్టాల్సిన ధ్వజం కావాలి. కడితే ఉంటుంది, కట్టకపోతే ఉండదు.

ప్రభ అంటే ఊరి పరువు కూడా. 1909 తిరునాళ్లలో ప్రభ బండి ఎద్దుల మీద బ్రిటిష్ పోలీసులు కాల్పులు జరిపితే జనం తిరగబడ్డారు. ప్రాణాలు పోయాయి. ఆ కేసులో చిన్నపరెడ్డికి ఉరిశిక్ష పడింది. ఈ ప్రాంతం ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటుంది. అంటే ఇది ఎప్పుడూ ఒట్టి అలంకారం కాదు.

సముద్రం దాటి బాలికి వెళ్దాం

ఇప్పుడు ఇండోనేషియాలోని బాలి. అక్కడి వాళ్లలో అత్యధికులు హిందువులు. ప్రతి సంప్రదాయ గ్రామానికీ మూడు గుళ్లు ఉంటాయి: బ్రహ్మకు ఒకటి, విష్ణువుకు ఒకటి, శివుడికి ఒకటి. మన కొండ మూడు శిఖరాలు గుర్తొచ్చాయా? నాకైతే వెంటనే గుర్తొచ్చాయి.

డెన్‌పసార్ నగరంలో 'తమన్ బుదయ' అనే కళాకేంద్రం ఉంది. 1970ల మొదట్లో కట్టారు. పెద్ద తోట, అందులో వేదికలు, ప్రదర్శనశాలలు. ఆ వేదికల పేర్లు వినండి. ఆరుబయట రంగస్థలం పేరు 'అర్ధ చంద్ర'. లోపలి రంగశాల పేరు 'క్షీరార్ణవ'. అంటే పాలసముద్రం! ఆ ప్రాంగణం మొత్తాన్ని క్షీరసాగర మథనం భావనతో రూపొందించారు, ప్రదర్శనశాల పేరులో మందరగిరి ఉంది. మనం పిల్లల పార్కుల్లో మిక్కీ మౌస్ బొమ్మలు పెట్టుకుంటాం. వాళ్లు సాంస్కృతిక పార్కు కట్టాల్సొస్తే ఆదిపర్వంలోకి వెళ్లారు.

అక్కడ 1979 నుంచి ప్రతి ఏటా జూన్, జూలై నెలల్లో బాలి కళల పండుగ జరుగుతుంది. అప్పటి గవర్నర్ ఇదా బాగుస్ మంత్ర మొదలుపెట్టారు. ఆయన మన శాంతినికేతన్‌లో చదువుకున్నవారు. దాదాపు నెల రోజుల పండుగ. మొదటి రోజు పెద్ద ఊరేగింపు. ద్వీపంలోని ఎనిమిది జిల్లాల నుంచీ, డెన్‌పసార్ నగరం నుంచీ బృందాలు వస్తాయి. గామెలాన్ వాద్యాలు, రామాయణ మహాభారత నృత్యనాటకాలు, తోలుబొమ్మలు, పూలు పండ్లు గోపురంలా పేర్చి తల మీద మోసుకొచ్చే ఆడవాళ్లు. గామెలాన్ బృందాల మధ్య పోటీ అయితే మన ఊళ్ల ప్రభల పోటీకి ఏమాత్రం తీసిపోదు.

వాళ్లకీ వెదురు ఉంది. గలుంగన్ పండుగకు ప్రతి ఇంటి ముందూ 'పెంజోర్' నిలబెడతారు. కొన వంగిన పొడవాటి వెదురు గడ, దానికి కొబ్బరాకుల అల్లికలు, ధాన్యం, పండ్లు. దాన్ని పర్వతానికీ, వాసుకి సర్పానికీ గుర్తుగా చెబుతారు. వాసుకి అంటే పాలసముద్రాన్ని చిలికిన తాడే కదా!

రెండు బాలి మాటలు మనం అప్పు తెచ్చుకోవాలి. మొదటిది 'బంజర్'. మన బంజరు భూమి కాదండోయ్! అక్కడ బంజర్ అంటే పేట సంఘం. ప్రతి కుటుంబం ఏదో ఒక బంజర్‌లో ఉంటుంది. పెళ్లి, చావు, గుడి పండుగ, అన్నీ బంజర్ కలిసి చేస్తుంది. రెండో మాట 'ఙయహ్'. గుడికీ, ఊరికీ జీతం తీసుకోకుండా చేసే సేవ. హోటల్లో పనిచేసేవాడైనా, ఆఫీసులో ఉద్యోగి అయినా గుడి ఉత్సవం వచ్చిందంటే వెదురు చీల్చడానికో, వంటకో, వాద్యం వాయించడానికో వెళ్లాలి. రాకపోతే జరిమానా కట్టే పద్ధతి చాలా బంజర్లలో ఉంది. అక్కడ 'నాకు టైమ్ లేదు' అనేది పెద్ద లోటు, 'నా దగ్గర డబ్బు లేదు' అనేది అంత లోటు కాదు. మన దగ్గర ఇది తిరగబడింది.

మూడు ప్రాకారాలు

అయితే బాలిలో అంతా స్వర్గం అనుకోకండి. టూరిస్టులు వరదలా వచ్చినప్పుడు వాళ్లకీ మన సమస్యే వచ్చింది. గుడి లోపల దేవుడి ముందు చేసే నృత్యాన్ని హోటల్ లాన్‌లో భోజనాల మధ్య చేయించడం మొదలైంది. పెద్దవాళ్లు కలవరపడ్డారు. 1971లో కళాకారులు, పండితులు సమావేశమై దీని మీద చర్చించి ఒక దారి వేశారు.

బాలి గుడికి మూడు ఆవరణలు ఉంటాయి. లోపలిది, మధ్యది, బయటది. నృత్యాలను కూడా అలాగే మూడుగా చూశారు. లోపలి ఆవరణలో పూజలో భాగంగా చేసేవి 'వలి'. మధ్య ఆవరణలో ఉత్సవానికి తోడుగా, కథతో చేసేవి 'బెబలి'. బయట జనం వినోదం కోసం చేసేవి 'బలిహ్ బలిహన్', అంటే చూసి ఆనందించేవి. 2015లో యునెస్కో బాలి నృత్యాలను వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఈ మూడు రకాలనూ కలిపే చేర్చింది.

ఇందులో గొప్పతనం ఏమిటో చూడండి. వాళ్లు వినోదాన్ని బహిష్కరించలేదు. దానికీ గుడిలోనే చోటు ఇచ్చారు, బయటి ఆవరణలో. బయటి ఆవరణ కూడా గుడే! కానీ బయటిది లోపలికి రాకూడదు. ఏది ఎక్కడ ఉండాలో అక్కడ ఉండాలి. ఇంత చేసినా గొడవలు ఆగలేదు. జోగెద్ బుంబుంగ్ అనే సరదా నృత్యం కొన్నిచోట్ల అసభ్యంగా మారుతోందని అక్కడ కూడా పెద్ద చర్చే నడుస్తోంది. కానీ 'ఇది హద్దు దాటింది' అని చెప్పడానికి వాళ్ల దగ్గర ముందే ఒక హద్దు ఉంది.

మన హద్దు ఎక్కడుంది?

కోటప్పకొండకు కూడా మూడు ఆవరణలు ఉన్నాయి, మనం వాటిని అలా పిలవలేదంతే. పైన గర్భగుడి. అక్కడ అభిషేకం, మౌనం. మధ్యలో మెట్ల దారి, ఘాట్ రోడ్డు, తోటలు, దేవతల విగ్రహాలు. అక్కడ పిల్లలకు కథ చెప్పుకుంటూ నడవచ్చు. కింద మైదానం. అక్కడ ప్రభలు, అంగళ్లు, రంగులరాట్నాలు, రాత్రంతా కార్యక్రమాలు. శివరాత్రి జాగారానికి ఒకప్పుడు ప్రభల ముందు హరికథలు, బుర్రకథలు, పద్యనాటకాలు, కోలాటాలు, చెక్కభజనలు నడిచేవి. పొద్దున్నించీ మిరప కల్లంలో పనిచేసి వచ్చిన మనిషికి నిద్ర రాకుండా ఆపాలంటే కథ కావాలి, దరువు కావాలి, నవ్వు కావాలి. ఆ వినోదం భక్తికి అడ్డు కాదు. అదే జాగారానికి ఆసరా.

ఇప్పుడు చాలా ప్రభల ముందు రికార్డింగ్ డ్యాన్సులు, డీజే. కొన్నిచోట్ల ప్రభ మీద శివుడి బొమ్మ కంటే నాయకుడి ఫ్లెక్సీ పెద్దది, లేదంటే హీరో కటౌట్ పెద్దది. ఊరి ప్రభ కాస్తా పార్టీ ప్రభ అయిన ఊళ్లూ ఉన్నాయి. ఆ రికార్డింగ్ డ్యాన్సుల్లో ఆడే అమ్మాయిల మీద అరిచే అరుపులు వింటే, తన సొంత అక్కనో చెల్లినో తీసుకుని ఆ రాత్రి మైదానంలో నడవగలనా అని ఎవరికైనా సందేహం వస్తుంది. తప్పు ఆ అమ్మాయిలది కాదు. వాళ్లకది కూలి. పిలిచిన వాళ్లదీ, డబ్బు కట్టిన వాళ్లదీ, అరిచిన వాళ్లదీ. స్త్రీకి ముందు దండం పెట్టి మొదలుపెట్టే క్షేత్రంలో ఇది జరగడం మామూలు విషయంగా తీసుకోవచ్చా?

హాలాహలం వచ్చిందని తాడు వదిలేయలేదు

ఇక్కడ మనలాంటి చదువుకున్న కుర్రాళ్లు రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాం. ఒకటి: "ఛీ, ఇదేం భక్తి" అని మొత్తాన్నీ వదిలేసి, ఏ ప్రశాంతమైన ఆశ్రమానికో వెళ్లిపోతాం. రెండు: "మన సంస్కృతి బ్రో" అని మంచీ చెడూ అన్నింటికీ చప్పట్లు కొట్టి రీల్ పెడతాం.

డెన్‌పసార్ పార్కులోని రంగశాల పేరు మళ్లీ గుర్తు చేసుకోండి. క్షీరార్ణవ. పాలసముద్రాన్ని చిలికినప్పుడు మొదట ఏం వచ్చింది? అమృతం కాదు. హాలాహలం. దేవతలూ రాక్షసులూ ఒకే తాడు రెండు చివరలా పట్టుకుని లాగారు. ఇష్టమైన వాళ్లతోనే లాగుతాం అంటే మథనం మొదలయ్యేదే కాదు. పెద్ద పని ఏది మొదలుపెట్టినా, పదిమంది చేతులు పడిన ఏ పనిలోనైనా విషం ముందు పైకి తేలుతుంది. పోటీ, అహంకారం, డబ్బు, రాజకీయం. అది వచ్చిందంటే చిలకడం తప్పని కాదు, చిలుకుతున్నామని అర్థం.

అప్పుడు శివుడు ఏం చేశాడు? ఉమ్మేస్తే లోకం కాలిపోతుంది. మింగితే లోపల ఉన్న లోకాలు కాలిపోతాయి. ఆయన ఉమ్మలేదు, మింగలేదు. కంఠంలో నిలబెట్టాడు. దానికొక చోటు చూపించాడు. ఆ చోటు దాటి కిందికి రానివ్వలేదు, పైకి పోనివ్వలేదు. ఆ రాత్రి దేవతలంతా ఆయన కోసం మేలుకుని ఉన్నారనీ, అదే శివరాత్రి జాగారమనీ ఒక కథ చెబుతారు.

బాలి వాళ్ల మూడు ఆవరణల పద్ధతి నాకు నీలకంఠుడు చేసిన పనిలాగే కనిపిస్తుంది. అన్నింటినీ కాల్చేయకుండా, అన్నింటినీ మింగేయకుండా, ఏది ఎక్కడ ఆగాలో అక్కడ ఆపడం. మరి ఇది ఎవరు చేయాలి? పోలీసులు చేస్తే నిషేధం అవుతుంది, ఒక సంవత్సరం ఆగి మళ్లీ మొదలవుతుంది. మోకు పట్టుకున్న వాళ్లు చేస్తేనే నిలబడుతుంది. పక్కన నిలబడి సలహా చెప్పేవాడి మాట ఎవరు వింటారు చెప్పండి? రాత్రి రెండింటి దాకా మోకు పట్టి, అరచేతులు కమిలిపోయిన కుర్రాడు "ఈసారి కోలాటం పెడదాం రా" అంటే వినాల్సిందే.

మనం చేయగలిగినవి

మాటలు చాలు, పనిలోకి వద్దాం. మహాశివరాత్రి అంటే మాఘ బహుళ చతుర్దశి. ఫిబ్రవరిలోనో మార్చి మొదట్లోనో వస్తుంది. మన ప్రాంతంలో సరిగ్గా మిరప కోతలు, కల్లాల సీజన్. ఊళ్లో చేతులు తక్కువ, పని ఎక్కువ. అయినా ప్రభ లేస్తుంది. మిర్చి ధర బాగున్న ఏడాది లేచింది, రైతు యార్డు నుంచి ఉత్త చేతులతో వచ్చిన ఏడాదీ లేచింది. మా తాతయ్య ఒక మాట అనేవారు: "పంట పోయిన ఏడు ప్రభ మానేస్తే, కోటయ్యకు మనం బాకీ తీర్చుకోడానికే వస్తున్నట్టు లెక్క. ఆయన షావుకారు కాదు కదరా."

ఒకటి, డబ్బు ఫోన్‌లో పంపి ఊరుకోవద్దు. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్న మనం చందా పంపడంలో ఎప్పుడూ ముందుంటాం. పంపండి, తప్పు లేదు. కానీ ప్రభకు కరువైంది డబ్బు కాదు, చేతులు. అంత ఎత్తు చట్రం ఎక్కడ ముడి వేయాలో, ఏ గడ ముందు నిలబెట్టాలో తెలిసిన పెద్దవాళ్లు ఊళ్లలో తగ్గిపోతున్నారు. అది పుస్తకంలో లేదు, యూట్యూబ్‌లోనూ లేదు. పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. మూడు రోజులు లీవ్ పెట్టండి. మీకు ప్రభ ఊరు లేకపోతే మీ స్నేహితుడి ఊరికి వెళ్లండి. మోకు పట్టుకుంటానంటే వద్దనే ఊరు లేదు.

రెండు, భద్రత గురించి మీరే అడగండి. తీగలు ఎక్కడ ఉన్నాయి, సరఫరా ఎవరు ఆపుతారు, జనరేటర్ వైర్లు సరిగ్గా ఉన్నాయా, ప్రభ మీదికి ఎవరు ఎక్కుతున్నారు, తాగి ఎక్కుతున్నారా. ఎత్తులో పక్క ఊరిని దాటాలన్న పంతం కంటే క్షేమంగా చేరిన ప్రభ స్వామికి ఇష్టం. మనకు ప్లానింగ్, చెక్‌లిస్టు అలవాటే కదా, ఆఫీసులో రోజూ చేసేదే. ఆ తెలివి కోటయ్యకు ఒక్క రోజు ఇవ్వండి.

మూడు, ప్రభ ముందు ఒక్క గంట అడగండి. రాత్రి మొత్తం మార్చేస్తామంటే జరగదు. ఒక్క గంట బుర్రకథకో, కోలాటానికో, ఊరి పిల్లల నాటకానికో ఇవ్వమని కమిటీని అడగండి. కళాకారులకు ఇచ్చే డబ్బు మీ స్నేహితులు కలిసి వేసుకోండి. ఆ గంట బాగుంటే వచ్చే ఏడు రెండు గంటలు వాళ్లే అడుగుతారు. జనానికి మంచి రుచి లేదని మనం ముందే తీర్పు ఇచ్చేస్తాం. వడ్డించకుండానే ఎలా తెలుస్తుంది?

నాలుగు, మైదానం చూసి వెనక్కి వచ్చేయకండి. తెల్లవారుజామున గొల్లభామకు దండం పెట్టుకుని, మెట్లెక్కి పైకి వెళ్లండి. కింద చప్పుడు మెట్టు మెట్టుకూ తగ్గుతూ ఉంటుంది. పైకి చేరేసరికి గాలి ఒక్కటే వినిపిస్తుంది. బయటి ఆవరణ నుంచి లోపలి ఆవరణకు నడవడం అంటే అదే. రాత్రంతా ఊరితో కలిసి ఉన్నవాడికి ఆ మౌనం వేరేగా అర్థమవుతుంది. దక్షిణామూర్తి పాఠం అప్పుడు మొదలవుతుంది.

మిగిలిన సగం దారి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం. దేవుడికి ఈ హంగామా కావాలా? అక్కర్లేదు. ఆయన మౌనంగానే ఉన్నాడు. కావాల్సింది మనకు. ఇంట్లో కళ్లు మూసుకుని చేసే జపంలో నేను ఒక్కణ్నే ఉంటాను. నాకు నచ్చనివాడు, నా పార్టీ కానివాడు, నా కులం కానివాడు అందులో ఉండడు. మోకు దగ్గర వాడు నా ఎదురుగా ఉంటాడు. నేను లాగినంత బలంగా వాడు లాగకపోతే ప్రభ నా మీదే పడుతుంది. వాడి క్షేమం నా చేతిలో, నా క్షేమం వాడి చేతిలో. ధ్యానంలో ఈ పాఠం ఎంతకాలానికి అందుతుందో నాకు తెలియదు. ప్రభ కింద ఒక్క రాత్రిలో అందుతుంది.

కోటి ప్రభలు వస్తే దిగి వస్తానన్నాడు స్వామి. ఆనందవల్లి కోసం సగం దారి దిగాడు. మిగిలిన సగం ఊళ్లు నడవాలని ఆగాడేమో. ఆయన లెక్కపెట్టేది వెదురు చట్రాలను అయితే ఆ కోటి ఎప్పటికీ పూర్తికాదు. లెక్కపెట్టేది మోకు మీద ఉన్న చేతులను అయితే మాత్రం, మన ఇద్దరి చేతులూ ఇంకా అందులో కలవాల్సి ఉంది.

ఈ శివరాత్రికి మీ ఊరి ప్రభ దగ్గర, లేదా మీకు దగ్గర్లో ఉన్న ఏ శివాలయం దగ్గరైనా, ఒక పని చేతులతో చేయండి. తోరణం కట్టండి, నీళ్లు మోయండి, ప్రసాదం పంచండి, తెల్లారాక ఊడ్చండి. చేశాక ఇంట్లో చిన్నవాళ్లకు ఆనందవల్లి కథ చెప్పండి. వచ్చే వారం వీడియోలో దక్షిణామూర్తి తత్వం గురించి, మౌనం అంటే మాట్లాడకపోవడమేనా అన్న విషయం గురించి మాట్లాడుకుందాం.

త్రికోటేశ్వరుడి దయ మీ ఇంటి మీద, మీ ఊరి మీద, మన రైతుల కల్లాల మీద ఉండాలని కోరుకుంటూ,

ఓం నమః శివాయ. చేదుకో కోటయ్యా, ఆదుకో కోటయ్యా!